ఆ పేరుకి పలికినవాడు

పోయిన వారం కథలో నస్రాని మత్రా రేవులో వదిలాం. భుజాన కంగా గుడ్డ, చేతిలో మూట, పక్కన ముసలితల్లి షమ్సా. జాంజిబార్ దీవిలో వాళ్లకున్న లవంగతోట, ఇల్లు, తండ్రి ఖల్ఫాన్ ప్రాణం, అన్నీ ఒక్క వారం అల్లర్లలో పోయాయి. ఆ తర్వాత తల్లీకూతుళ్లు టోపీలు కుట్టి పొట్టపోసుకుంటూ ఒకే ఒక్క మనిషి మీద ఆశ పెట్టుకుని బతికారు. అతను నస్రా అన్న హిలాల్. మూడేళ్ల క్రితం పడవెక్కి, తాతలు పుట్టిన ఒమాన్‌కి వెళ్లిపోయాడు. 'క్షేమంగా ఉన్నాను, మత్రా బజారులో కొట్టు పెట్టాను' అని వచ్చేపోయే పడవలవాళ్ల చేత కబుర్లు పంపేవాడు. చివరికి 'మీరూ వచ్చెయ్యండి' అన్న కబురూ వచ్చింది. వచ్చేశారు. తీరా దిగాక, హిలాల్ సరుకు కోసం సుహార్ వెళ్లాడన్నారు. రేవు పక్కన గదులు అద్దెకిచ్చే మోజా వాళ్లని తీసుకెళ్లి తన ఇంట్లో పెట్టుకుంది.

ఈ ఉదయం ఆ మోజాయే రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"లేవండమ్మా, లేవండి! మీ అబ్బాయి వచ్చేశాడు. నా కళ్లతో చూశాను, కొట్టు తలుపు తీస్తున్నాడు. నేనేం చెప్పలేదులే, మీరొచ్చినట్టు వారంగా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏం బాగుంటుంది? మీరే వెళ్లి ఎదురుగా నిలబడండి. వాడి మొహం ఎలా అవుతుందో చూడాలి నేను!"

నస్రా ఒక్క ఉదుటున లేచింది. తల్లి మాత్రం లేవలేదు. మూటలోంచి ఉన్నవాటిలో మంచి గౌను తీసింది, దులిపింది, మళ్లీ మడతపెట్టింది, మళ్లీ తీసింది. ఆమె తొడుక్కుని తయారయ్యేసరికి మోజా రెండుసార్లు కహ్వా కాఫీ కాచుకుని తాగింది.

సముద్రం ఒడ్డున కొత్త రేవు కడుతున్నారు. రాళ్లు దింపుతున్న దుమ్ములో ముగ్గురూ నడిచి, కొండకొమ్మున ఉన్న కోట కిందకి వచ్చేసరికి షమ్సా ఆగిపోయింది. పడవ ప్రయాణంలో వాచిన మోకాళ్లు ఇంకా తగ్గలేదు. రాతిగట్టు మీద కూర్చుంది.

"నేనిక్కడ ఉంటాను. నువ్వెళ్లి చూసి రా."

"అదేంటమ్మా? ఇంత దూరం వచ్చి?"

"వెళ్లి రావే. ముందు నువ్వు చూడు."

మోజా నడుము మీద చేతులు పెట్టుకుంది. "సరే, నేనుంటాలే ఈవిడ దగ్గర. నువ్వు ఆ కమాను కింద లోపలికి వెళ్లు పిల్లా. హల్వా వాసన వచ్చేదాకా తిన్నగా వెళ్లు, అక్కణ్ణించి సాంబ్రాణి వాసన పట్టుకో. ఎవరినడిగినా చెప్తారు. హిలాల్ తెలియనివాడు లేడు." తర్వాత షమ్సా పక్కన చతికిలబడి కొండమీదికి చెయ్యి చూపించింది. "అదిగో వదినా, ఆ బురుజులు పోర్చుగీసు వాళ్లవి. అదిగో ఆ పడవల దగ్గర చేపల బజారు. పొద్దున్నే వస్తే సొరచేపలు నా అంత ఉంటాయి."

షమ్సా ఆ గోధుమరంగు కొండల్ని ఒక చివర నుంచి రెండో చివర దాకా చూసింది. "ఈ ఊళ్లో ఒక్క చెట్టూ లేదేం?"

"ఉండేవి. మేకలు తినేశాయి!"

మోజా నవ్వు వినబడుతుండగానే నస్రా కమాను దాటింది.

పైన ఖర్జూరపు మట్టలు కప్పిన సందులు. బయట ఎండ మండిపోతున్నా లోపల దీపాలు పెట్టుకుని వ్యాపారం చేస్తున్నారు. గాడిద ఒకటి నీళ్ల డబ్బాలతో ఎదురొస్తే గోడకి అతుక్కుని దారివ్వాల్సి వచ్చింది. మూటలు మోసేవాళ్లు 'తప్పుకో, తప్పుకో' అంటూ తోసుకుపోతున్నారు. ఎండునిమ్మకాయలు, ఎండుచేప, గులాబీనీళ్లు, తడిసిన గోనెలు, అన్ని వాసనలూ కలిసి తల తిరిగింది. ఆమె ఎరిగిన బజారులో పచ్చికొబ్బరి, లవంగం, వాన వాసన ఉండేవి. ఇక్కడ గాలికి కూడా దాహంగా ఉన్నట్టుంది.

నిమ్మకాయలు ఏరుకుంటున్న ఒకావిడని దారి అడిగింది. ఆవిడ నస్రాని కిందనుంచి పైదాకా చూసి, పక్కనున్నావిడని మోచేత్తో పొడిచింది. "విన్నావా, ఈ పిల్ల అరబ్బీ కొబ్బరినీళ్లలో నానబెట్టినట్టుంది!" నవ్వుకున్నారు గానీ దారి మాత్రం సరిగ్గానే చెప్పారు.

హల్వా కొట్టులో పెద్ద రాగి మూకుడు ముందు ఒక లావుపాటాయన చెమటలు కక్కుతూ గరిటె తిప్పుతున్నాడు. పేరు దర్వేష్ అని ఎవరో పిలవగా తెలిసింది. నస్రా అడిగింది. "అయ్యా, హిలాల్ కొట్టు ఎక్కడ? ఖల్ఫాన్ కొడుకు హిలాల్."

"ఆ మూగాయనా? నీకేమవుతాడు?"

"మా అన్న. మూగేం కాదే!"

"మూగ కాదులే తల్లీ, మాట్లాడడు అంతే. నోరు తెరిస్తే లోపల ఉన్నదేదో ఎగిరిపోతుందన్నట్టు ఉంటాడు. కానీ మంచివాడు. ఒక్క తూకం తప్పడు." దర్వేష్ గరిటె ఆపకుండానే గడ్డంతో దారి చూపించాడు. "అదిగో, ఆ మలుపు. చెల్లెలొచ్చిందంటే ఇవాళైనా నవ్వుతాడేమో."

నస్రా నాలుగడుగులు వేసి ఆగింది. హిలాల్ మాట్లాడడా? నిద్రలో కూడా మాట్లాడేవాడు. 'నీ నోటికి తాళం వేసి సముద్రంలో పారేస్తాను' అని నాన్న రోజూ తిట్టేవాడు. పరాయి దేశం మనిషిని మార్చేసి ఉంటుంది, అనుకుంది. తండ్రిని అలా చూశాక ఎవరు మాత్రం మారరు. గబగబా మలుపు తిరిగింది.

చిన్న కొట్టు. తట్టల్లో కుప్పలు పోసిన సాంబ్రాణి, తెల్లవి, పసుపువి, ఆకుపచ్చ జీర ఉన్నవి. ఒక మనిషి వీపు ఇటు పెట్టి తక్కెడలో ఏదో తూస్తున్నాడు. తెల్లటి అంగీ, నెత్తిన కుట్టుపని టోపీ. నస్రా గుమ్మం ముందుకి వచ్చింది. చిన్నప్పుడు పిలిచినట్టు, సాగదీసి పిలిచింది.

"హిలా...ల్!"

"ఆఁ" అంటూ ఆ మనిషి తిరిగాడు.

హిలాల్ కాదు.

నస్రా అతని భుజం మీదుగా కొట్టు లోపలికి చూసింది. లోపల ఎవరూ లేరు. "హిలాల్ లేడా?"

కొనడానికి వచ్చిన ముసలాయన విసుక్కున్నాడు. "ఎదురుగా పెట్టుకుని అడుగుతావేమ్మా? ఇతనే హిలాల్."

ఆ మనిషి ఆమె మొహం వంక చూడలేదు. భుజాన ఉన్న కంగా గుడ్డ వంక చూశాడు. దాని మీద పూల మధ్య అచ్చువేసిన దీవి భాష అక్షరాలు చదివాడు. తక్కెడ మెల్లగా కింద పెట్టాడు. ముసలాయన చేతిలో పొట్లం పెట్టి, డబ్బులు తర్వాత ఇవ్వమని పంపేసి, గుమ్మానికి గోనెతెర దించాడు.

"నస్రా" అన్నాడు. వాళ్ల దీవి భాషలో అన్నాడు.

తన పేరు అతని నోట వినగానే ఆమెకి మొదటిసారి భయం వేసింది.

"ఎవరు నువ్వు? మా అన్న ఏడీ?"

"నేను జుమా. తెరచాపలు కుట్టే ఫరాజీ కొడుకుని. మీ ఇంటికి వచ్చేవాణ్ణి. లోపలికి కాదు, గుమ్మం దాకా. మీ నాన్న దాటనిచ్చేవారు కాదు."

ఆమెకి లీలగా గుర్తొచ్చింది. హిలాల్ వాకిట్లో నిలబడి గంటలు గంటలు మాట్లాడుతుంటే వింటూ, గోడకి ఆనుకుని నిలబడే ఒక సన్నపాటి కుర్రాడు. వాళ్ల అరుగు మీద ఎప్పుడూ కూర్చోనివాడు.

"మా అన్న ఏడీ, జుమా?"

అతను మూటల మీద కూర్చున్నాడు. "నేనూ వాడితోనే ఎక్కాను, మమ్మల్ని ఎరిగినవాళ్లు ఆ పడవలో ఎవరూ లేరు. సొకోత్రా దీవి దాటాక జ్వరం పట్టుకుంది. పడవలో చాలామందికి పట్టింది. మిగతావాళ్లు లేచారు, వాడు లేవలేదు. మాట్లాడుతూనే ఉన్నాడు నస్రా. నీ గురించి, మీ పెరట్లో పనస గురించి, మీ అమ్మ చేపల పులుసు గురించి. తెల్లారేసరికి మాట ఆగిపోయింది. గుడ్డలో పెట్టి కుట్టింది నేనే. మా నాన్న దగ్గర నేర్చుకున్న కుట్టు అది, ఊడిపోదు. ప్రార్థన చేసి సముద్రంలోకి దించాం."

నస్రా ఏడవలేదు. అతను చెబుతున్నది వేరే ఎవరి గురించో అన్నట్టు వింది. మూడేళ్లు. మూడేళ్లుగా ప్రతి ప్రార్థనలోనూ తల్లి 'నా బిడ్డని చల్లగా చూడు' అని వేడుకుంటూనే ఉంది. ఆ బిడ్డ నీళ్ల అడుగున ఉన్నాడు.

"మరి నువ్వు?" అంది. "నువ్వు వాడివి ఎలా అయ్యావు?"

"నేనవుదామనుకోలేదు." అతని గొంతు బాగా దిగిపోయింది. "మత్రాలో దిగినప్పుడు ఒడ్డున తెగల పెద్దలు నిలబడి పేర్లు పిలుస్తున్నారు. పలికినవాణ్ణి పలికినట్టు కౌగిలించుకుని తీసుకుపోతున్నారు. మా నాన్నకి తెగ ఏది? నన్ను పిలిచేదెవరు? ఒడ్డు ఖాళీ అవుతోంది. ఒక ముసలాయన, గాలిబ్, మీ నాన్నకి వరసకి అన్నట, 'ఖల్ఫాన్ కొడుకు హిలాల్ ఎవరు?' అని పిలిచాడు. చచ్చిపోయాడని చెప్దామనే ముందుకెళ్లాను. మళ్లీ పిలిచాడు. ఆ గొంతులో ఎంత ఆత్రమో నీకు తెలీదు. నన్ను నా జన్మలో ఎవరూ అలా పిలవలేదు. ఆఁ అన్నాను. ఒక్క మాట. వెనక్కి తీసుకుందామనుకునేలోపు ఆయన నా మెడ పట్టుకుని ఏడుస్తున్నాడు."

"ఏడుస్తున్నాడని పేరు దొంగిలించావా?"

"దొంగిలించాను."

"మాకు కబుర్లు పంపావు! 'అమ్మా, క్షేమం' అని పంపావు! మా అమ్మ ప్రతి పడవకీ రేవుకి పరిగెత్తేది తెలుసా నీకు? సిగ్గులేదా?"

"మొదటి కబురు నేను పంపలేదు. హిలాల్ చేరాడని ఊళ్లో ఎవరో పంపారు. దానికి జవాబు వచ్చింది మీ అమ్మ దగ్గర్నుంచి. నా కొడుకు బతికున్నాడు, ఇవాళే మళ్లీ అన్నం తిన్నాను అని. ఆ తర్వాత నన్నేం చెప్పమంటావు?"

ఆ అన్నం నస్రాకి గుర్తుంది. తనే వడ్డించింది.

"మమ్మల్ని రమ్మన్నదెవరు?"

"గాలిబ్. నాకు తెలీకుండా పంపాడు, నాకు సంతోషమవుతుందని. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి దీవి పడవ వస్తోందంటే చాలు, నేను సుహార్ పారిపోతున్నాను."

ఆమె మీదికొచ్చి అతని గుండెల మీద రెండు చేతులతో కొట్టింది. మళ్లీ కొట్టింది. అతను కదల్లేదు, చేతులు అడ్డం పెట్టలేదు. కొట్టీ కొట్టీ ఆమె చేతులే సాంబ్రాణి పొడితో తెల్లబడ్డాయి.

"తెర తీసి అరిచి చెప్పు" అన్నాడు. "అరవాల్సిందే. సాయంత్రానికి నన్ను ఊరి బయటికి గెంటేస్తారు. గాలిబ్ తన కూతుర్ని నాకిచ్చాడు, ఆ పిల్లనీ లాక్కుంటారు. న్యాయమే. కానీ ఒక్కటి ఆలోచించు. ఈ ఊళ్లో మిమ్మల్ని 'మావాళ్లు' అని చెప్పాల్సింది గాలిబే. ఆయన మీ నాన్నని చూడలేదు, మిమ్మల్ని చూడలేదు. మీరు ఆయనకి హిలాల్ తల్లి, హిలాల్ చెల్లెలు. హిలాల్ దొంగని తేలితే, రేపు మీరు నిజమని ఎలా నమ్ముతాడు? ఎవరు చెప్తారు మీ తరఫున?"

"బెదిరిస్తున్నావా?"

"నా తల్లీ, బెదిరించే మొహమా ఇది? దారి లేదని చెప్తున్నాను. నాకూ లేదు, నీకూ లేదు." చెప్పాలో వద్దో తెలియనట్టు చెప్పాడు. "నాకో కూతురు. గాలిబ్ పట్టుబట్టి నాన్నమ్మ పేరు పెట్టించాడు. షమ్సా."

తెర బయట ఎవరో కర్రతో గుమ్మం మీద తట్టారు. "హిలాల్! ఏమయ్యా హిలాల్, పట్టపగలు కొట్టు మూసేశావేం?"

"ఆఁ, వస్తున్నా!"

ఆలోచించకుండా పలికాడు. ఎవరి పేరుకి వాళ్లు పలికినంత మామూలుగా. నస్రాకి అన్న చచ్చిపోయాడన్న సంగతి అప్పుడు గుచ్చుకుంది. జ్వరం గురించి, గుడ్డ గురించి, సముద్రం గురించి విన్నప్పుడు కాదు. ఆ పేరు ఇక ఖాళీగా కూడా లేదు. ఆ పేరులో ఇంకొకడు కాపురం పెట్టేశాడు.

తెర తోసుకుని బయటికి నడిచింది.

ఎటు వెళ్తోందో చూసుకోలేదు. వెండి కొట్లు వచ్చాయి, బాకుల ఒరలు మెరిశాయి. ఒక సందు చివర గోడ అడ్డొచ్చింది. వెనక్కి తిరిగింది. ఒక మూల కూర్చుని గుండెలు బాదుకుని ఏడవాలని ఉంది. ఏడిస్తే ఎవరో ఒకరు అడుగుతారు, ఏమైందమ్మా అని. ఏం చెప్పాలి? మా అన్న పోయాడని చెబితే, అదిగో అక్కడ కూర్చున్నాడుగా అంటారు. ఇంత పెద్ద ఊళ్లో తోడబుట్టినవాడి కోసం ఏడ్చే హక్కు కూడా ఆమెకి లేకుండా పోయింది.

"ఏమ్మా! దొరికాడా మీ అన్న?"

దర్వేష్. అదే మూకుడు, అదే గరిటె, మొహమంతా నవ్వు.

నస్రా నోరు తెరిచింది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. తల్లి మోకాళ్లు గుర్తొచ్చాయి. తిరిగి వెళ్లడానికి ఇల్లు లేదని గుర్తొచ్చింది.

"దొరికాడు" అంది.

"చెప్పలేదూ!" దర్వేష్ గరిటె వదిలి, చిన్న మట్టిచిప్పలో వేడి హల్వా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "డబ్బులా, నోర్మూసుకో. తోబుట్టువులు కలిసిన రోజు నోరు తీపి చేసుకోవాలి. తిను, నా ఎదురుగా తిను." తర్వాత సందంతా వినబడేలా కేకేశాడు. "ఒరేయ్, ఎవరైనా వెళ్లి గాలిబ్ పెద్దాయనకి చెప్పండిరా! హిలాల్ చెల్లెలు వచ్చింది!"

కుంకుమపువ్వు, నెయ్యి, గులాబీనీళ్లు. అన్న చావు తెలిసిన గంటకే ఆమె అది తింది. అతను చూస్తున్నాడు కనుక తింది. గొంతు దిగకపోతే నీళ్లడిగి మింగింది. చుట్టుపక్కల కొట్లవాళ్లు 'అల్లా దయ' అంటూ దీవెనలు పెడుతుంటే తల వంచుకుంది. సిగ్గుపడుతోందనుకున్నారు.

కమాను బయట ఎండ కళ్లలో కొట్టింది. తల్లి అదే గట్టు మీద, సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది. నస్రా దారి పొడుగునా ఒక అబద్ధం కట్టుకుంటూ వచ్చింది. కొట్టు మూసి ఉందమ్మా, ఇంకా రాలేదట, రేపు వద్దాం. రేపటికి ఏదో ఒకటి తోచకపోదు. తోచదని ఆమెకీ తెలుసు.

"ఏడీ పిల్లా, ఏడీ?" మోజా లేచి నిలబడింది. "ఒక్కదానివే వచ్చావేం?"

"కొట్టు..."

"ఓసి, ఇంకా కొట్టేంటి! నీ వెనకాలే వస్తున్నాడుగా!"

నస్రా తిరిగి చూసింది. కమాను కింద నుంచి జనం వస్తున్నారు. ముందు చేతికర్రతో ఒక బక్కపల్చటి ముసలాయన, గడ్డం తెల్లగా, కళ్లు చెమ్మగా. గాలిబ్ అయి ఉండాలి. ఆయన రెండో చేత్తో జుమా మణికట్టు పట్టుకుని లాక్కొస్తున్నాడు. జుమా మొహంలో రక్తం లేదు. వెనక దర్వేష్, కొట్లవాళ్లు, మూటలు మోసేవాళ్లు, పని ఆపేసిన రేవు కూలీలు.

"నడవరా!" అంటున్నాడు గాలిబ్. "మూడేళ్లుగా కన్నతల్లి పేరెత్తితే మొహం తిప్పుకుంటావు, ఇప్పుడు కాళ్లు రావా? పో, పోయి ఆవిడ కాళ్ల మీద పడు!"

నస్రా తల్లికి అడ్డంగా నిలబడబోయింది. ఆలస్యమైపోయింది. షమ్సా అప్పటికే గట్టు పట్టుకుని లేచింది.

ఆమె చూపు తగ్గలేదు. నిన్న దీపం వెలుగులో మోజా మనవడి చొక్కాకి బొత్తాం కుట్టింది ఆమే. ఇప్పుడు ఎండ జుమా మొహం మీద నేరుగా పడుతోంది. ఆమె ఆ నుదురు చూసింది, ఆ ముక్కు చూసింది, కిందికి దించుకున్న ఆ కళ్లు చూసింది. అలలు రాళ్లకి కొట్టుకోవడం వినబడుతోంది. అయిపోయింది, అనుకుంది నస్రా. ఇప్పుడు అమ్మ 'ఎవరు వీడు' అంటుంది. అంతటితో అందరి బతుకూ తెల్లారిపోతుంది.

షమ్సా రెండు చేతులూ చాచింది.

"వచ్చావా నా తండ్రీ!" అంది, రేవంతా వినబడేలా, అరబ్బీలో.

జనంలో ఒక్కసారి గోల లేచింది. మోజా నాలుక ఆడిస్తూ పెళ్లి కూత వేసింది. గాలిబ్ గడ్డం తడిసేలా ఏడుస్తున్నాడు. జుమా ఆమె ఒంటి మీద వాలిపోయి, ఒళ్లంతా వణుకుతూ, పసివాడిలా వెక్కుతున్నాడు. షమ్సా రెండు చేతులతో అతని తలని తన మెడ దగ్గరికి గట్టిగా అదుముకుంది. ఆ పట్టు కౌగిలింతలా లేదు.

పక్కనే ఉన్న నస్రాకి మాత్రమే వినబడింది, తల్లి దీవి భాషలో, అతని చెవిలో అంటున్నది.

"వణక్కు. చూస్తున్నారు. తల ఎత్తి నవ్వు... అలాగే. నవ్వుతూనే చెప్పు. నా కొడుకుని ఎక్కడ వదిలేసి వచ్చావు?"